పదమూడు చుక్కలు

ముప్పై నాలుగేళ్ళ ఆరు నెలల సర్వీసులో నేను తెలిసి తెలిసి ఒక్కసారే అబద్ధం చెప్పాను. అది రెండు మాటల అబద్ధం. జూలై నెలలో ఒక గురువారం, సాయంత్రం నాలుగూ నలభైకి, అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు పక్కనున్న మా ఆసుపత్రి మందుల గదిలో చెప్పాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకి పనికొచ్చేది ఏదైనా రాసిమ్మని అడిగారు కనక ఇదే రాస్తున్నాను. టీకా ఎలా వెయ్యాలో, ఐసు పెట్టె ఎలా సర్దాలో మీకు ట్రైనింగులో చెబుతారు. ఇది చెప్పరు.

నేను మైదానం మనిషిని. శృంగవరపుకోట పక్కన మా ఊరు. ఏఎన్ఎంగా కొండెక్కినప్పుడు రెండేళ్ళు చేసి దిగిపోదామనుకున్నాను, దిగలేదు. నేను చెప్పే రోజులకి హెల్త్ సూపర్‌వైజర్‌ని. రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది. మూడు నెలలకోసారి మండల కేంద్రంలో పెద్ద ఆఫీసరు ముందు మీటింగు జరిగేది. మా ఆసుపత్రి తరఫున లేచి లెక్క చదవడం ఇరవై రెండేళ్ళుగా నా పని. అంటే ఎనభై ఎనిమిది మీటింగులు. టైఫాయిడ్ వచ్చి ఒకదానికి వెళ్ళలేదు కనక ఎనభై ఏడు. ఈలోగా తొమ్మిది మంది డాక్టర్లు మారారు. ఆఫీసరు ఏ ఊరి సంగతి అడిగినా డాక్టరు నా వైపు చూసేవాడు. నేను రిజిస్టరు తెరవకుండా జవాబు చెప్పేదాన్ని. ఆ చూపు కోసమే మీటింగు రోజున ఇస్త్రీ చీర కట్టుకునేదాన్నని ఇప్పుడు ఒప్పుకుంటాను.

జూన్ ఆఖరి సోమవారం మా తొమ్మిదో డాక్టరు అందర్నీ పిలిచాడు. వయసులో నా కొడుకు కంటే చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు.

"ఈసారి చదవడాలు లేవంట మేడమ్ గారూ. తెర మీద స్లైడ్లు చూపించాలంట. ఒక్కో ఆసుపత్రికి ఐదు నిమిషాలే."

"చూపిద్దాం సార్," అన్నాను. స్లైడంటే అప్పటికి నాకు మలేరియా పరీక్షకి నెత్తురు రాసే గాజు పలకే.

డాక్టరు నా వైపు చూడలేదు. నా వెనక నిలబడిన అమ్మాయి వైపు చూసి, "నువ్వు చేసెయ్యగలవు కదమ్మా?" అన్నాడు.

"సేసేత్తాను సార్."

ఆ అమ్మాయి ఏప్రిల్‌లో చేరింది. నర్సింగ్ చదువుకుని కాంట్రాక్టు మీద వచ్చింది. ఇరవై మూడేళ్ళు. మా ఆసుపత్రికి మూడు కొండల అవతల పుట్టిన పిల్ల. చేరిన నెలలోనే నాకు ఆమె మీద కడుపుమంట మొదలైంది. దాచిపెట్టి రాస్తే ఈ రాతకి అర్థం లేదు. సంత రోజు మేమిద్దరం ఒకే బల్లకి చెరోవైపు కూర్చుని టీకాలు వేసేవాళ్ళం. ఒకసారి లెక్కపెట్టాను. ఆమె వైపు పదకొండు మంది, నా వైపు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకావిడ నా ముందు నిలబడ్డాక, అటువైపు ఖాళీ అయిందని చూసి అటే వెళ్ళిపోయింది. ఆ పిల్ల వాళ్ళతో కొండవాళ్ళ భాష కువిలో మాట్లాడేది. మాటకీ మాటకీ మధ్య నవ్వులు. ముప్పై మూడేళ్ళలో నాకు వచ్చిన కువి నలభై మాటలు. నొప్పా, జ్వరమా, ఎన్నో నెల, చెయ్యి చాపు. వాటితో ఎవరినీ నవ్వించలేం.

ఇప్పుడు నా మీటింగు కూడా ఆమెకే వెళ్ళింది.

ఆ మీటింగులో తేలాల్సింది చిన్న విషయం కాదు. మా పరిధికి ఒక కొత్త ఉపకేంద్రం వస్తోంది. రెండు గదులు, ఒక కాన్పు బల్ల, అక్కడే కాపురముండే నర్సు. అది రెండు ఊళ్ళలో ఒకదానికే. ఒకటి, ఆసుపత్రికి ఆరు కిలోమీటర్ల దూరంలో సంత జరిగే రోడ్డు మీది ఊరు. దానికి ఆటోలున్నాయి, సెల్ సిగ్నలు ఉంది. రెండోది, అక్కణ్ణించి మూడు కిలోమీటర్లు నడిచి ఎక్కాల్సిన కొండ మీది ఊరు. మధ్యలో గెడ్డ, అంటే కొండవాగు. వానాకాలంలో గెడ్డ పొంగితే పైవాళ్ళు పైనే, కిందివాళ్ళు కిందే. ముందటేడు ఆగస్టులో కొండ ఊరి ఆశా కార్యకర్త తన కోడలిని డోలీలో మోయించుకొచ్చింది. నేను ఇవతల ఒడ్డున, వాళ్ళు అవతల ఒడ్డున. నీళ్ళు తగ్గడానికి రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. కోడలు బతికింది. బిడ్డ దక్కలేదు. కేంద్రం ఏ ఊరికి రావాలో నాకు ఆ రోజునుంచే తెలుసు.

మర్నాడు ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఏటే గుంటా, ఆ స్లైడ్లేవో నాకూ నేర్పు."

"అయ్యో, నేర్పుతాను మేడమ్. నాలుగింటికి ఓపీ అయిపోద్ది కదా, అప్పుడు కూకుందాం."

ఆమె మొహంలో సంతోషమే కనిపించింది. అది కూడా నాకు నచ్చలేదు. ఆమె కాస్త విసుక్కుంటే నా పని తేలికయ్యేది.

పదకొండు రోజులు, రోజుకి గంట, మందుల గదిలో ఉన్న కంప్యూటరు ముందు. నా నోటు పుస్తకంలో రోజువారీ రాసుకున్నాను. మొదటి రోజు మౌసు పట్టుకోవడంతోనే సరిపోయింది. నా చూపు ఒక చోట, బాణం గుర్తు ఇంకో చోట. సూది మొనని నెలల బిడ్డ తొడలో కదలకుండా నిలబెట్టిన చెయ్యి అది, బల్ల మీద దారి తప్పింది. కొత్త స్లైడు తెరిస్తే రెండు ఖాళీ పెట్టెలు వస్తాయి. పై పెట్టెలో పేరు, కింద పెట్టెలో సంగతి. రెండో రోజు కింద పెట్టెలో నేను మా పరిధిలోని ఊళ్ళన్నీ, గర్భిణులు, కాన్పులు, టీకాలు, జ్వరాలు వరసగా రాసుకుపోయాను. నలభై మూడు లైన్లు. నేను రాసేకొద్దీ అక్షరాలు వాటంతటవే చిన్నవైపోయాయి. అంతా పట్టిందని నాకు గర్వంగా ఉంది.

"మేడమ్, ఇది ఎవులు సదువుతారు?" అంది.

"నేను సదువుతాను."

"మీరే సదివితే మరి తెరెందుకు?"

నన్ను లేపి గది చివరికి తీసుకెళ్ళి నిలబెట్టింది. పన్నెండు అడుగుల దూరం. "ఇప్పుడు సదవండి," అంది. తెర మీద ఆవాలు చల్లినట్టుంది. ఒక స్లైడుకి ఒకటే సంగతి, ఆరు లైన్లు దాటకూడదు, వెనక వరసలో కూర్చున్న మనిషికి అందాలి. ఇవి ఆమె చెప్పిన మాటలు. రాసుకున్నాను. రాసుకుంటున్నప్పుడు, ఎనభై ఏడు మీటింగుల్లో వెనక వరసవాళ్ళు నా లెక్కలు విన్నారా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

మూడో రోజు గంటా పది నిమిషాలు చేసిన పని పోయింది. మూసేటప్పుడు దాచమంటావా వద్దా అని యంత్రం అడిగితే, నేను కంగారులో వద్దు మీద నొక్కాను. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న మా అటెండరు ఊరుకోలేదు. అతనూ నాకు మల్లే రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాడే.

"పోన్లెండి మేడమ్. రిజిస్టర్లని ఎలకలు కొట్టేత్తన్నాయని నన్నెన్ని మాట్లన్నారు. ఇప్పుడు ఆ ఎలకని మీ సేత్తోనే పట్టుకుని కూకున్నారు."

"నీ పని సూసుకో."

"సూత్తన్నాను. గుంటతో పోటీ పడితే బేగి నేర్సుకుంటారు, నాకు తెలీదా."

పోటీ అని అతనికి కూడా తెలిసిపోయింది. తెలియనిది ఆ అమ్మాయికే. లేదా తెలిసీ తెలియనట్టు ఉంది. ఇప్పటికీ నాకు ఖాయంగా చెప్పడం రాదు.

ఐదో రోజు అక్షరాలని కదిలించడం చెప్పింది. పక్కనుంచి ఎగిరి రావడం, పైనుంచి పడడం, టైపు కొట్టినట్టు ఒక్కో అక్షరం టక్కు టక్కుమని వచ్చి కూర్చోవడం. అన్నిట్లోకీ ఇదొక్కటే నాకు మొదటిసారికే వచ్చేసింది. తెగ నచ్చింది.

"వద్దు మేడమ్. ఒక్కో అచ్చరం పడేదాకా ఆ సార్లు ఆగరు," అంది. నేను ఆమె లేనప్పుడు చేసి చూసుకునేదాన్ని.

తొమ్మిదో రోజు గురువారం. ఆ రోజు ఆమె తన స్లైడ్లు తయారుచేస్తూ నాకు గ్రాఫు పటం గీయడం చూపించింది. చిన్న పట్టికలో అంకెలు వేస్తే కడ్డీలు వాటంతటవే లేస్తాయి. అంకెలు నా రిజిస్టరులోవే. గడిచిన పన్నెండు నెలల్లో పుట్టి, బతికి, మొదటి టీకా వేయించుకున్న పిల్లలు. రోడ్డు ఊరు ముప్పై ఒకటి, కొండ ఊరు నాలుగు. ఒక కడ్డీ ధ్వజస్తంభంలా లేచింది. రెండోది దాని మొదట్లో చెప్పు విడిచినట్టుంది.

అప్పుడే డాక్టరు లోపలికొచ్చాడు. తెర చూసి ఆగాడు. "అబ్బ, ఎంత తేటగా ఉందమ్మా. ఇన్నాళ్ళూ ఈ లెక్క నా బుర్రకి ఎక్కలేదు," అని వెళ్ళిపోయాడు. ఆ లెక్క ప్రతి మూడు నెలలకీ అతనికి చదివి వినిపించింది నేను.

ఇక్కడ నా రిజిస్టరు గురించి చెప్పాలి. పంతొమ్మిదేళ్ళుగా సంత రోజు రోడ్డు ఊళ్ళో బల్ల వేసి టీకాలు వేసేదాన్ని. చీపుళ్ళు, అడ్డాకులు, పసుపు అమ్ముకోవడానికి కొండ ఊరి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని దిగేవారు. అక్కడే సూది వేసేదాన్ని. పై ఆఫీసర్లకి కావలసింది టీకా మందు సీసాల లెక్క. రోడ్డు ఊరికి ఇన్ని సీసాలు తీసుకెళితే రోడ్డు ఊరి పేరు మీదే అన్ని సూదులు కనిపించాలి. కొండ ఊరి పేరు రాస్తే ఇక్కడ సీసాలు మిగులుతాయి, అక్కడ తగ్గుతాయి, సంజాయిషీ అడుగుతారు. అందుకని సూది ఎక్కడ వేస్తే బిడ్డ ఆ ఊరి బిడ్డని రాసేదాన్ని. కొండ ఊరి పేరు కింద పడేది, ఏడాదికి నాలుగుసార్లు నేను పైకెక్కి వేసినవి మాత్రమే. నా సీసాల లెక్క ఒక్క చుక్క తేడా లేకుండా సరిపోతుందని జిల్లా దాకా పేరు. మరి ఏ బిడ్డ ఎక్కడిదో నేను మరిచిపోకుండా, కొండ ఊరి పిల్లల పేరు పక్కన చిన్న చుక్క పెట్టేదాన్ని. ఆ ముప్పై ఒకటిలో చుక్కలున్నవి పదమూడు. తీసి కలిపితే రోడ్డు ఊరు పద్దెనిమిది, కొండ ఊరు పదిహేడు. ఇళ్ళు చూస్తే కొండ ఊరు రోడ్డు ఊళ్ళో సగం కూడా లేదు. ఆ చుక్కల సంగతి భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

ఆ అమ్మాయి రిజిస్టరు మీదికి వంగింది.

"మేడమ్, ఈ పేర్ల పక్కన సుక్కలేటి?"

"పెన్ను మరకలు," అన్నాను.

ఒక చుక్కని వేలితో రుద్ది చూసింది. "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి మేడమ్."

"పెన్ను ఒకటే కదా."

ఆమె తలూపి పేజీ తిప్పేసింది. నేను చెప్పిన మాటని అంత తొందరగా నమ్మినవాళ్ళు ఆ ఆసుపత్రిలో ఇంకెవరూ లేరు.

నా ఆలోచన ఇది. ఆమె తన తేటైన పటం చూపిస్తుంది. చివర్లో ఆఫీసరు ఎప్పటిలాగే, ఇంకేమైనా ఉందా అని అడుగుతాడు. అప్పుడు నేను లేచి నా స్లైడు వేస్తాను. కేంద్రం కొండ ఊరికే వస్తుంది, కానీ నా నోటితో వస్తుంది. ఎవరికీ నష్టం లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆదివారం ఆమెకి సెలవు. నేను ఆసుపత్రికి వెళ్ళి, తాళం తీయించి, మూడు గంటలు కూర్చుని మూడు స్లైడ్లు చేశాను. మొదటిది ఊళ్ళ పేర్లు, దూరాలు. రెండోది పద్దెనిమిది, పదిహేడు. కడ్డీలు రెండూ భుజం భుజం కలిపి నిలబడ్డాయి. మూడో దాంట్లో ఒకటే సంగతి, ఆమె నేర్పినట్టే, వెనక వరసకి అందేటంత అక్షరాల్లో రాశాను. "ఇంతకు ముందు చూపిన లెక్క తప్పు. కొండ ఎక్కినవాళ్ళకి తెలిసేది కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళకి తెలియదు." దానికి టైపు కొట్టే చప్పుడు కూడా పెట్టాను. పెన్‌డ్రైవులో వేసుకుని కళ్ళజోడు పెట్టెలో దాచుకున్నాను.

మీటింగు మంగళవారం. పదిన్నరకి మొదలైంది. కేంద్రం అడుగుతున్న ఊళ్ళనుంచి ఒక్కొక్క ఆశా కార్యకర్త రావాలన్నారు కనక కొండ ఊరామె తెల్లారే దిగి, మాతోబాటే జీపులో వచ్చి వెనక గోడ వారగా కూర్చుంది. మా ఆసుపత్రి వంతు మూడోది. అమ్మాయి లేచింది. ఎనిమిది స్లైడ్లు, నాలుగు నిమిషాల యాభై సెకన్లు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. తడబడితే బావుణ్ణని చూశాను. తడబడలేదు.

ఆఫీసరు కొత్తవాడు. కడ్డీలు చూశాడు.

"ముప్పై ఒకటి, నాలుగు. ఇందులో ఆలోచించేదేముంది? రోడ్డు ఊరికి పెట్టండి." పక్కనున్న గుమస్తా రాసుకున్నాడు. "నెక్స్ట్."

ఇంకేమైనా ఉందా అని అతను అడగలేదు. ఎనభై ఏడు మీటింగుల్లో అడగని ఆఫీసరు లేడు. నేను కళ్ళజోడు పెట్టె పట్టుకుని అలాగే కూర్చున్నాను. నాలుగో ఆసుపత్రివాళ్ళు లేచి వైర్లు సర్దుకుంటున్నారు. వెనకనుంచి ఆశా కార్యకర్త వచ్చి నా భుజం తట్టింది.

"అమ్మా, ఏటన్నారు? మా ఊరికేనా?"

నేను కళ్ళజోడు పెట్టె తెరిచాను.

"గెడ్డ సంగతి సెప్పినారా అమ్మా?"

లేచాను. నడుం పట్టేసినట్టయింది. "సార్, ఆ లెక్క తప్పు," అన్నాను.

ఆఫీసరు తలెత్తాడు. "ఏ లెక్క?"

"మా ఆసుపత్రిది. ఊళ్ళ లెక్క."

"కంప్యూటరులో తప్పుపడిందా?"

ఆ అమ్మాయి పాలిపోయి నా వైపు చూసింది. అవునంటే సరిపోయేది. తప్పు ఆమె మీదికి పోయేది, లెక్క దిద్దేవారు, నా పేరుకి మచ్చ ఉండేది కాదు. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పను. వచ్చింది, ఒక క్షణం నిలబడింది కూడా.

"లేదు సార్. రిజిస్టరే తప్పు."

"రిజిస్టరు రాసిందెవరు?"

"నేనే."

మా డాక్టరు చేతిలో పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉన్నాడు. ఆఫీసరు, రుజువేమైనా ఉందా అన్నాడు. పెన్‌డ్రైవు పైకెత్తి చూపించాను. అమ్మాయి వచ్చి అందుకుంది. "ఒక్క నిమషం సార్," అని ప్రొజెక్టరు వైరు పీకి, నా ఫైలు లాప్‌టాప్‌లో తెరిచింది. ఫైలు తెరవగానే స్లైడ్లన్నీ ఎడమవైపు వరసగా చిన్న చిన్న బొమ్మల్లా కనిపిస్తాయి. అది నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది. నేను ఆమె పక్కనే నిలబడ్డాను. ఆమె కళ్ళు మూడో బొమ్మ మీద ఆగడం చూశాను. నేను దాన్ని వెనక వరసకి అందేలా రాశాను కనక ఆ చిన్న బొమ్మలో కూడా చదవొచ్చు. ఆమె చదివింది. మౌసుతో ఏదో నొక్కింది. వైరు మళ్ళీ పెట్టి, "కానీండి మేడమ్," అని పక్కకి జరిగింది.

మొదటి స్లైడు. రెండోది. చుక్కల సంగతి, సీసాల సంగతి, గెడ్డ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆగస్టులో ఒడ్డున ఆగిన రెండు గంటల నలభై నిమిషాలు చెప్పాను. మూడోదానికి నొక్కాలంటే వేలు కదల్లేదు. ఆపెయ్యడం ఆమె నేర్పలేదు, నేను అడగనూ లేదు. ఆమే చెయ్యి చాపి నొక్కింది. తెర నల్లగా అయిపోయింది. అయిపోయిందని పైన చిన్న అక్షరాల్లో వచ్చింది.

"ఎన్నాళ్ళుగా ఇలా రాస్తున్నారు?" అన్నాడు ఆఫీసరు.

"పంతొమ్మిదేళ్ళుగా సార్."

"మీ మాట నమ్మాలా, మీ రిజిస్టరు నమ్మాలా?"

ఆయన అన్నది సబబే. కేంద్రం నిర్ణయం ఆపి, ఏడు రోజుల్లో రెండు ఊళ్ళలోనూ ఇంటింటి లెక్క తీయమన్నాడు. వేరే ఆసుపత్రి సూపర్‌వైజర్ ఒకరు, మా అమ్మాయి ఒకరు. నేను ఆ ఊళ్ళ వైపు వెళ్ళకూడదు. నాకు మెమో. సర్వీసులో మొదటిది, ఆఖరిది.

తిరిగొచ్చేటప్పుడు జీపులో డాక్టరు ముందు సీట్లో, మేం ముగ్గురం వెనక. ఆశా కార్యకర్త సంత ఊళ్ళో దిగిపోయింది. ఆ తర్వాత అమ్మాయి పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టింది.

"మూడోది కనపడకుండా దాసేను మేడమ్. తీసెయ్యలేదు. మీ ఫైలు కదా."

అంతే. ఆ తర్వాత దాని ఊసు మా మధ్య ఎప్పుడూ రాలేదు. ఆమె నన్ను తిట్టి ఉంటే ఎదురు తిట్టి ఉండేదాన్ని. తెర మీద వెయ్యనిచ్చి ఉంటే నా బతుక్కి తగిన శాస్తి అనుకునేదాన్ని. ఆమె దాచింది. ఆ పెద్దరికం చూసి కూడా నాకు అసూయే కలిగింది. యాభై ఎనిమిదేళ్ళు దాటిన నాకు లేనిది ఈ పిల్లకి ఎక్కణ్ణించి వచ్చిందని.

ఐదు రోజులు ఆసుపత్రిలో కూర్చున్నాను. ఆమె పొద్దున్నే ఎక్కేది, సాయంత్రం దిగేది, లెక్క పూర్తయ్యేదాకా నాతో చెప్పకూడదు కనక చెప్పేది కాదు. నేను అడగలేదు. పదిహేడు అన్న అంకె మీదే నా పరువంతా నిలబడి ఉంది. పదహారొచ్చినా, రిజిస్టరుతోబాటు నా చుక్కలు కూడా దండగే అంటారు. ఐదో రోజు, ఆదివారం, మధ్యాహ్నం వచ్చింది. పాదాలకి మట్టి. కాగితం నా ముందు పెట్టింది.

"పదిహేడు కాదు మేడమ్. పద్దెనిమిది."

రోడ్డు ఊరు కూడా పద్దెనిమిదే. నేను నా నోటు పుస్తకం తీసి, అందులో రాసుంచుకున్న పదిహేడు పేర్లూ ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. పదిహేడూ ఉన్నాయి. పద్దెనిమిదోది లేదు.

"ఇదెక్కడిది?"

"మార్చిలో పుట్టింది మేడమ్. పోడు సేలో గుడిసెలో. ఆడపిల్ల, బానే ఉంది. ఆశా అక్క ఇంటి పక్కనే ఆ ఇల్లు."

తల్లి పేరు చదివాను. నాకు బాగా తెలిసిన మనిషి. చీపుళ్ళు అమ్ముతుంది. మార్చి తర్వాత ఎన్ని సంతలకి వచ్చిందో, నా బల్ల ముందునుంచి ఎన్నిసార్లు వెళ్ళిందో.

"ఆశాకి తెలుసా?"

"తెలుసు మేడమ్."

"మరి నాకెందుకు సెప్పలేదు? సూది పడాలి కదా బిడ్డకి."

ఆమె కుర్చీలో కూర్చోలేదు. గోడకి ఆనుకుని చెప్పింది. "సూది నేను నిన్ననే ఏసేను మేడమ్. సెప్తే మీరు రాసేత్తారని సెప్పలేదంట. మీరు రాస్తే పిల్ల రోడ్డు ఊరి పిల్ల అయిపోద్దంట. పెద్ద పిల్లోడికి అలాగే అయిందంట. బడిలో ఏసినప్పుడు కాయితంలో ఆ ఊరే ఉందంట. దీన్నైనా మా ఊరి పిల్లగా ఉంచుకుందామని దాసుకున్నారంట."

ఊరందరికీ తెలుసు. నేను రాసే పుస్తకం ఎలాంటిదో కొండ మీది ప్రతి ఇంటికీ తెలుసు. నా ముందు చెయ్యి చాపి, సూది వేయించుకుని, ఏమీ అనకుండా చీపుళ్ళ కట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయేవారు. చుక్క నాకు గుర్తు. వాళ్ళకి ఆ చుక్కతో ఏం పని?

కొండ ఊరికి కేంద్రం ఆ నవంబరులో మంజూరైంది. నేను రిటైరయ్యే నెలకి గోడలు లేచాయి. మొదటి నర్సుగా ఆ అమ్మాయినే వేశారు. నేను చూడడానికి ఒకసారి వెళ్ళాను. మూడు కిలోమీటర్లకి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. అదంతా తర్వాతి మాట.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను రిజిస్టరు తెరిచాను. పద్దెనిమిదో పేరు రాయడానికి ఖాళీ గీత ఉంది. పెన్ను పట్టుకున్నాక, ఆ మాట నాకు కదా చెప్పి ఉండాల్సింది, మూడు నెలల కిందట వచ్చిన పిల్లకి ఎందుకు చెప్పారు అని మళ్ళీ లోపల మండింది. మండుతుండగానే పెన్ను కింద పెట్టి రిజిస్టరు ఆమె వైపు తిప్పాను.

"నువ్వే రాయి. నీకే కదా సెప్పేరు," అన్నాను.

ఆమె వంగి బిడ్డ పేరు రాసింది, పక్కన కొండ ఊరి పేరు రాసింది. తర్వాత పేజీలు వెనక్కి తిప్పి, చుక్కలున్న మొదటి గీత దగ్గర ఆపి, పెన్ను నా చేతికిచ్చింది.

"ఇయ్యి మీరు రాయాలి మేడమ్. ఏది ఎవులదో మీకే తెలుసు."

ఇద్దరం సాయంత్రం ఐదున్నర దాకా కూర్చున్నాం. రోడ్డు ఊరి పేరు ఎర్ర సిరాతో కొట్టి, పైన కొండ ఊరి పేరు రాసి, పక్కన సంతకం పెట్టాను. పదమూడు చోట్ల పెట్టాను. అది ఒక్క ఏడాది రిజిస్టరే. బీరువాలో ఇంకా పద్దెనిమిది ఉన్నాయి.